గదిలో గోదావరి వంతెన: మా మోడల్ రైలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం తొమ్మిది మందిమి. కొవ్వూరులో ఒక ధాన్యం కొట్టు మేడ మీద గది అద్దెకు తీసుకుని గోదావరి రైలు వంతెన మోడల్ కడుతున్నాం. ఆదివారం తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు. వచ్చినవాళ్లందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. సోల్డరింగ్ చేస్తూ జవాబు చెబితే చెయ్యి కాలుతోంది. అందుకని రాసి పెట్టాం.

ఇంత వయసొచ్చి బొమ్మ రైలుతో ఆటలేంటండీ?

ఆటే, కాదనం. కాకపోతే బొమ్మ రైలు కొన్నవాడికి రైలు ముఖ్యం, అది మంచం కింద తిరిగినా ఫర్వాలేదు. మాకు రైలు కంటే అది నడిచే చోటు ముఖ్యం. ఏటిగట్టు, లంక, రేవు, గేటు దగ్గర ఆగిన ఆటో ఒకే కొలతలో తగ్గించి పెడతాం. వాటి మధ్య నుంచి రైలు వెళ్తే చూసేవాడికి "అరే, ఇది మన ఊరే" అనిపించాలి.

లోకంలో ఈ పిచ్చి మా ఒక్కళ్లకే లేదు. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్‌ను చూడ్డానికి దేశదేశాల నుంచి జనం వెళ్తారు. మన దేశంలో అయితే పుణే కోత్రూడ్‌లో జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1946లో పెట్టుకున్న మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు ఇంకా పేరున్నది. "హ్యాక్" అనే మాటను కంప్యూటర్లవాళ్లు వాడే అర్థంలో మొదట వాడినవాళ్లలో ఆ క్లబ్బు కుర్రాళ్లు ఉన్నారు. బల్ల కింద వైర్లతో కుస్తీ పట్టినవాళ్లే తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. మా ఇంట్లోవాళ్లకు ఈ ముక్క చెప్పి చూశాం, పెద్దగా పని చేయలేదు.

ఏ స్కేలు?

హెచ్‌ఓ. అంటే అసలు దానిలో 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తాడు. ఐసీఎఫ్ పెట్టె (చెన్నై ఫ్యాక్టరీ పాత రకం బోగీ) అసలు 21 మీటర్ల పైచిలుకు, మా బల్ల మీద ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. ఇంకా చిన్నది కావాలంటే ఎన్ స్కేలు ఉంది, 160వ వంతు. చోటు తక్కువున్నవాళ్లకు అదే మేలు. మాలో నలుగురికి చత్వారం ఉంది కాబట్టి హెచ్‌ఓకే ఓటేశాం.

మన బ్రాడ్‌గేజికి ఆ పట్టాలు సరిపోతాయా?

సరిపోవు. ఈ ప్రశ్న అడిగినవాళ్లు రైల్వేలో పనిచేసినవాళ్లేనని మాకు తెలిసిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది యూరప్, అమెరికాల్లోని 1435 మిల్లీమీటర్ల గేజికి చేసింది. కాబట్టి మా రైలును ఎదురుగా నిలబడి చూస్తే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెలియదు. 19.3కి సొంతంగా పట్టాలు వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం. అలా వేస్తే ప్రతి ఇంజనుకూ, ప్రతి పెట్టెకూ చక్రాలు మార్చాలి. మాకున్న ఆదివారాలు దానికి చాలవు.

వంతెన మొత్తం ఎందుకు కట్టలేదు? నాలుగు ఆర్చీలే ఉన్నాయేంటి?

అందరికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

మేం కడుతున్న ఆర్చి వంతెనకు 28 ఆర్చీలు. ఒక్కోటి స్తంభం నుంచి స్తంభానికి సుమారు 97.5 మీటర్లు. మా స్కేలులో ఒక ఆర్చి 112 సెంటీమీటర్లు అవుతుంది. ఇరవై ఎనిమిదీ కడితే 31 మీటర్లు దాటుతుంది. మా గది పొడవు 22 అడుగులు, అంటే ఆరున్నర మీటర్ల పైన కొంచెం. వంతెన కిటికీలోంచి బయటికి వెళ్లి, వీధి దాటి, ఎదురింటివాళ్ల వంటగదిలో తేలాలి.

అప్పుడు రెండు దారులు ఉంటాయి. ఆర్చీని కుదించి ఎక్కువ పెట్టడం ఒకటి, ఆర్చీని అసలు కొలతలో ఉంచి లెక్క తగ్గించడం రెండోది. మొదట కుదించే చూశాం. అట్టముక్కలతో అరవై సెంటీమీటర్ల ఆర్చీలు ఏడు కోసి బల్ల మీద నిలబెట్టాం. దూరం నుంచి బాగానే ఉంది. ఇంజను ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాం. అంతే, అది గోదావరి వంతెన కాకుండా పార్కులో కాలువ మీది వంతెనలా అయిపోయింది. రోజూ ఆ వంతెన మీద తిరిగినవాడి కంటికి ఆర్చీ కింద ఎన్ని పెట్టెలు పడతాయో తెలుసు. నాలుగు పెట్టెలకు పైన పడాలి. ఆ లెక్క తప్పితే మిగతావన్నీ ఎంత బాగా చేసినా దండగ. ఆ రాత్రే నాలుగు ఆర్చీలు చాలనుకున్నాం. మూడుంటే వంతెనలా లేదు, అయిదు పెడితే రెండు పక్కలా మలుపుకు చోటు లేదు.

చివరి ఆర్చీ దాటాక వంతెన వెనుక తెరలో కలిసిపోతుంది. అక్కడ పొగమంచు రంగు వేశాం. గట్టున నిలబడి చూసినా అవతలి కొస ఎప్పుడూ అలా మసకగానే ఉంటుంది కదా.

మరి మూడు వంతెనలూ ఉండాలి కదా?

రాజమండ్రి నుంచి వచ్చినవాళ్లు ఇది అడక్కుండా వెళ్లరు. హేవలాక్ వంతెన 1900లో తెరిచారు, 150 అడుగుల గర్డర్లు 56. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. ఆర్చి వంతెన మీద 1997లో రైళ్లు మొదలయ్యాయి, హేవలాక్ వంతెనకు ఆ ఏడాదే సెలవిచ్చారు.

మేం ఎంచుకున్నది 1997 తర్వాత మొదటి ఆగస్టు నెల. అంటే కొత్త వంతెన మీద రైలు, పక్కన పాత వంతెన ఖాళీగా. ఇందులో కొంత స్వార్థం ఉంది: హేవలాక్ మీద రైలు నడవక్కర్లేదు కాబట్టి వైరింగ్ ఖర్చు తప్పింది. గర్డర్లు ఎనిమిది మాత్రం లెక్క ప్రకారం కట్టాం, ఒక్కోటి యాభై రెండున్నర సెంటీమీటర్లు. రోడ్డు వంతెన వదిలేశాం. రాజమండ్రి వైపు అది తిరిగే వంపు చాలా అందంగా ఉంటుంది, వదల్లేక వదిలాం. మాలో ఒకాయనకు ఆ కోపం ఇంకా ఉంది. ఆయన పెళ్లి బస్సు ఆ వంతెన మీదుగానే వెళ్లిందట.

వందే భారత్ ఎప్పుడు వస్తుంది?

పిల్లల ప్రశ్న. మా బల్ల మీద ఉన్న ఏడాదికి అది ఇంకా పుట్టలేదు, 2019లో కదా వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, 1974 నుంచి నడుస్తోంది, అది చూడమంటాం. వినరు. అందుకని సాయంత్రం చివరి అరగంట ఎవరి రైలు వాళ్లు తెచ్చి తిప్పుకోవచ్చని రూలు సడలించాం.

ఎంత చోటు కావాలి?

గది కంటే మలుపు ముఖ్యం. బజారు పెట్టెల్లో వచ్చే మలుపు పట్టాలు సుమారు 45 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఉంటాయి. వాటి మీద పొడవాటి పెట్టెలు వెళ్తాయి కానీ మూలలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి బాగోదు, కొక్కేలు గుంజుకుని పట్టా తప్పుతాయి. పెట్టె పొడవుకు కనీసం మూడింతలు వ్యాసార్థం ఉండాలన్నది మేం పాటించే లెక్క. మా మలుపు 76 సెంటీమీటర్లు. మీది ఎల్‌హెచ్‌బీ పెట్టెల (కొత్త రకం పొడవాటి బోగీలు) రైలు అయితే అవి 27 సెంటీమీటర్లు వస్తాయి, 81 వరకు చూసుకోండి. ఎత్తు ఎక్కించాలంటే మీటరుకు రెండు సెంటీమీటర్లకు మించొద్దు. మనది డెల్టా కాబట్టి ఆ బాధ పెద్దగా లేదు, ఎక్కడ చూసినా బల్లపరుపే. వంతెన ఎక్కే కట్ట ఒక్కటే ఎత్తు.

ఏ చెక్క వాడారు?

మొదట ఎండీఎఫ్ (చెక్కపొట్టు, జిగురు కలిపి నొక్కిన అట్ట) వాడాం. చవక, నున్నగా ఉంటుంది, వేసవిలో కట్టాం. ఆషాఢం రాగానే మొదలైంది. ఒక ఆదివారం తలుపు తీస్తే బోర్డు అంచులు నానిన అప్పడంలా ఉబ్బి ఉన్నాయి. రెండు బోర్డుల మధ్య పట్టా పైకి లేచి విల్లులా వంగింది. మూడు నెలల పని పోయింది. అమ్మినవాళ్లను అడిగితే "ఏసీ గదిలో పెట్టుకోవాలండీ" అన్నారు.

ఇప్పుడున్నది మెరైన్ ప్లైవుడ్. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో చూసి కొనండి. 12 మిల్లీమీటర్లు చాలు, కింద టేకు బద్దలతో చట్రం కట్టించాం. కోసిన ప్రతి అంచుకూ వార్నిష్ పట్టించాలి. పైన వేసి అడుగున వదిలేస్తే ఒక పక్కే తేమ పీల్చి పళ్లెంలా వంగుతుంది. అడుగున ఎవరు చూస్తారులే అన్నది మా వడ్రంగి, ఆయనకు ఎండీఎఫ్ బోర్డు చూపించాం.

తొమ్మిది మంది తొమ్మిది చోట్ల చేస్తే ఎలా అతుకుతుంది?

మంచి ప్రశ్న. బోర్డులు ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకుంటాం, గదికి తెచ్చి కలుపుతాం. బోర్డు మధ్యలో మీ ఇష్టం. గుడి కట్టుకోండి, చెరువు తవ్వుకోండి, ఎవరూ అడగరు. అంచు మాత్రం ఎవరి సొంతమూ కాదు. అంచు పలకలన్నీ ఒకేసారి, ఒకే మనిషి చేత, ఒకే అచ్చుతో బెజ్జాలు వేయించాం. పట్టా అంచుకు ఎంత దూరంలో ఉండాలి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి, బోల్టు ఎంత లావు, వైరు ఏ రంగు అన్నవి ఒక కాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టాం. విదేశాల్లో ఫ్రీ-మో అని ఒక పద్ధతి ఉంది, అందులో పట్టా నేల నుంచి 50 అంగుళాలు. మా దగ్గరికి చిన్నపిల్లలు ఎక్కువ వస్తారు కాబట్టి మేం 40కి దించాం. బయటివాళ్లతో ఎప్పుడూ కలపబోం అనుకుంటే మీ లెక్క మీరు పెట్టుకోవచ్చు, మీలో మీరు మాత్రం మార్చకూడదు.

వంతెన దగ్గర ఈ అంచుల గొడవకు మంచి ఉపాయం దొరికింది. బోర్డును నాలుగు అడుగులకు కాకుండా సరిగ్గా 112 సెంటీమీటర్లకు కోశాం. ఒక ఆర్చీకి ఒక బోర్డు. అతుకు స్తంభం నడిమధ్యకు వస్తుంది. స్తంభం రెండు ముక్కలు, సగం ఈ బోర్డుది, సగం ఆ బోర్డుది. బోల్టు బిగిస్తే ఒకటవుతుంది. వచ్చినవాళ్లను అతుకు ఎక్కడుందో చూపించమంటాం. అందరూ నీళ్లలో వెతుకుతారు.

బోర్డు చివర పట్టాలను ఫిష్‌ప్లేట్లతో (పట్టాలను కలిపే చిన్న రేకులు) వదిలేయకండి. రెండు ఇత్తడి స్క్రూలు చెక్కలో దించి, పట్టాను వాటి తలలకు సోల్డర్ చేసి, అప్పుడు కోయండి. బోర్డు మోసుకెళ్లేటప్పుడు మొదట తగిలేదీ, వంగేదీ ఆ కొసే.

కరెంటు షాక్ కొడుతుందా?

కొట్టదు. పట్టాల మీద 12 నుంచి 15 వోల్టులే, ఇంటి కరెంటు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా దగ్గరే జాగ్రత్త.

వైరింగ్ ఎలా అని అడిగేవాళ్లకు: పాత పద్ధతిలో పట్టాకు ఎంత కరెంటిస్తే దాని మీదున్న రైళ్లన్నీ అంత జోరుగా వెళ్తాయి, కాబట్టి లైను ముక్కలు చేసి స్విచ్చులు పెట్టుకోవాలి. డీసీసీ అనే కొత్త పద్ధతిలో పట్టాలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ప్రతి ఇంజనులో ఒక చిప్పు ఉంటుంది, ఇంజనుకో నంబరు. నంబరు కొట్టి దాన్నొక్కదాన్నే నడపొచ్చు. అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దానికి ప్రమాణాలు పెట్టింది కాబట్టి ఒక కంపెనీ చిప్పు ఇంకో కంపెనీ డబ్బాతో మాట్లాడుతుంది. మేం ఏడాది పాటు పాత పద్ధతిలోనే నడిపి తర్వాత మారాం. ఒక్కరే అయితే పాతదే చాలు. నలుగురు ఒకేసారి నడపాలంటే డీసీసీ లేకపోతే గొడవలే.

బల్ల కింద ఇళ్ల వైరింగ్‌కు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎరుపొకటి, నలుపొకటి, చివరిదాకా పరిగెత్తించండి. ప్రతి పట్టా ముక్క నుంచి సన్న వైరు దానికి దించండి. ఫిష్‌ప్లేట్లు కరెంటు మోస్తాయని నమ్మితే మన గాలికి ఆరు నెలల్లో చిలుం పట్టి మోసం చేస్తాయి. పని అయిందనుకున్నాక ఒక రూపాయి బిళ్ల పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా డబ్బా టక్కున ఆగిపోవాలి. ఆగలేదంటే అక్కడ వైరు చాల్లేదు, రేపు రైలు పడ్డప్పుడు ఏదో ఒకటి కాలుతుంది.

గోదావరి నీళ్లు అంత నిజంగా ఎలా వచ్చాయి?

రంగు వల్ల. నీళ్ల కోసం పోసిన ఎపాక్సీ రెసిన్‌ది అందులో పాతిక వంతే.

మొదట తేల్చుకోవాల్సింది ఏ నెల గోదావరి అని. వేసవిలో అయితే సగం ఇసుక తిన్నెలు, మధ్యలో పాయలు, నీళ్లు పచ్చగా తేటగా. ఆగస్టు అయితే గట్టు నుంచి గట్టుకు ఎర్రనీళ్లు, పాలెక్కువైన టీ రంగు. మేం ఎర్రనీళ్లు తీసుకున్నాం. ఒక లాభం ఉంది: అడుగు కనబడదు. అంటే లోతు నటించక్కర్లేదు.

ప్లైవుడ్ మీద తెల్ల సిమెంటు పుట్టీ పట్టించి, అది పచ్చిగా ఉండగానే చేతి మడమతో అద్దుతూ పోతే చిన్న చిన్న అలలు వస్తాయి. అద్దే దిక్కు మారకూడదు, నది ఒకవైపే పారుతుంది. స్తంభం దగ్గర మాత్రం మారుతుంది. ఎగువ పక్క నీళ్లు స్తంభానికి కొట్టుకుని కాస్త ఉబ్బుతాయి, దిగువన తోకలాగా సుడి లాగుతుంది. దీని కోసం మాలో ముగ్గురం వరద రోజున గోష్పాద క్షేత్రం రేవులో గంటన్నర కూర్చున్నాం. రంగు అయిదు పొరలు, గట్టు దగ్గర కాస్త ముదురు, నడుమ పసుపు ఎక్కువ. పైన రెసిన్ మూడు మిల్లీమీటర్ల చొప్పున రెండుసార్లు మాత్రమే పోశాం. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది.

రెసిన్ వానాకాలంలో పోయొద్దు. మేం పోశాం. పైన తెల్లని జిడ్డు పొర కట్టి, వారమైనా వేలికి అంటుకుంటూనే ఉంది. రెండు దోమలు, ఒక బల్లి పిల్ల అందులో ఇరుక్కున్నాయి. డబ్బా మీద ఉన్న వాట్సాప్ నంబరుకు ఫొటో పంపితే "గుడ్ మార్నింగ్" అని పువ్వు బొమ్మ వచ్చింది. గీకి, సంక్రాంతి దాటాక మళ్లీ పోశాం.

ఇసుక గోదావరిదేనా?

గోదావరిదే, లంక మీదిదే. కానీ తెచ్చింది తెచ్చినట్టు చల్లొద్దు. ఒక కాగితం మీద గుప్పెడు ఇసుక పరిచి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి మీదుగా తిప్పండి. నల్లటి గడ్డంలా రవ్వలు లేచి అంటుకుంటాయి. ఇనుము కలిసిన రవ్వలు అవి. అవి అలాగే ఉంటే ఇంజను మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటుంది, పళ్ల చక్రాలు అరిగిపోతాయి. మాది ఒక ఇంజను అలా పోయాకే తెలిసింది. పాలిథిన్ సంచి ఎందుకంటే, సంచి తిరగేస్తే రవ్వలు రాలిపోతాయి. సంచి లేకుండా అంటితే అయస్కాంతం నుంచి వాటిని పీకడం బ్రహ్మతరం కాదు.

పట్టాల కింద కంకరకు ఇసుక పనికిరాదు, గుండ్రంగా ఉంటుంది. అసలు కంకర 50, 60 మిల్లీమీటర్ల రాయి కాబట్టి మా స్కేలులో 0.6, 0.7 మిల్లీమీటర్లు కావాలి. క్రషరు డస్టును టీ వడపోసే జల్లెడలో పట్టి, నీళ్లలో కడిగి ఆరబెట్టుకుంటాం. పట్టాల మధ్య పరిచాక ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, రెండు చుక్కల షాంపూ కలిపి సిరంజితో వదలాలి. షాంపూ లేకపోతే చుక్క పైనే ముత్యంలా నిలబడి కంకరను పక్కకు నెట్టేస్తుంది.

కొబ్బరి చెట్లు ఎక్కడ కొన్నారు?

కొనలేదు. బయట దొరికే ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు కేకు మీద పెట్టేవి, సముద్రతీరపు పోస్టరులో చెట్టులా వంగి ఉంటాయి. మన తోటలో చెట్టు అలా ఉండదు.

కాండానికి కరెంటు తీగ. మూడు పోగులు మెలేసి, మొదట్లో కాస్త ఉబ్బుగా పుట్టీ పెట్టి, పైన నూలు దారం చుట్టి రంగేస్తే కాండం మీద మట్టలు ఊడిన గీతలు వస్తాయి. ఆకులకు కోడి ఈకలు, చికెన్ కొట్టువాళ్లు ఊరికే ఇస్తారు. వేడినీళ్లలో డెటాల్ వేసి రెండుసార్లు ఉతకాలి, లేకపోతే గది వాసనొస్తుంది. ఈకను నాలుగు సెంటీమీటర్లకు కత్తిరించి, రెండు పక్కలా కత్తెరతో ఏటవాలుగా చీలికలు పెట్టి, ఆకుపచ్చ రంగులో ముంచాలి. ఒక చెట్టుకు పదహారు నుంచి ఇరవై. పై మట్టలు నిటారుగా, నడుమవి అడ్డంగా, కిందవి వేలాడుతూ. అన్నిటికంటే కింద రెండు ఎండుమట్టలు గోధుమ రంగులో ఉండాలి. అవి పెట్టేవరకు అది కొబ్బరి చెట్టు కాదు. మా బోర్డుల్లో ఒకదాని యజమానికి అంబాజీపేట దగ్గర తోట ఉంది. ఆయన మొదటి చెట్టు చూసి "దింపు తీసి ఎన్నాళ్లయింది దీనికి?" అన్నాడు. గెలలు పెట్టడం మర్చిపోయాం. ఆవాలకు పచ్చరంగు వేసి అంటించాం.

పదిహేడు మీటర్ల చెట్టు మా స్కేలులో ఇరవై సెంటీమీటర్లు రావాలి. అలా చేస్తే ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా కనబడ్డాయి. పదహారుకు తగ్గించాం. ఆర్చీ దగ్గర అబద్ధం ఆడనన్నవాళ్లు ఇక్కడ ఆడారేమని అడగొచ్చు. చెట్లలో పొట్టివీ ఉంటాయి, ఆర్చీల్లో ఉండవు.

వరి చేలు?

ఆగస్టు కాబట్టి సార్వా ఊడ్పులు అయిన చేలు. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు పీచు పీకి నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరించి వరసలుగా నాటాం. నిజం ఎండుగడ్డి, ఊక, మైదా జిగురు వాడొద్దు, ఎలుకలు వస్తాయి. కింద ధాన్యం కొట్టు వదిలి మా గదికి ఎందుకొస్తాయి అనుకున్నాం. వచ్చాయి.

వెనకవైపు చిన్న స్టేషను ఏంటి? అక్కడ వంతెన కనబడదే?

అది కోటిపల్లి. గోదావరి పాయా, ఏడాదీ కూడా వేరు. మధ్యలో తెర ఉంది కాబట్టి ఇవతలి కాలం అవతలికి తెలియదు.

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనును రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో పీకేశారు, పట్టాలు యుద్ధానికి పట్టుకెళ్లారు. మళ్లీ రైలు రావడానికి 2004 అయింది. లోక్‌సభ స్పీకరుగా ఉండగా బాలయోగి గారు దాని కోసం గట్టిగా పట్టుబట్టారు, రైలు చూడకుండానే 2002లో పోయారు. ఆ లైను మీద రైలు బస్సు నడిచేది, ఒక్కటే పెట్టె, బస్సులాంటిది. మా బల్ల మీద అది రామచంద్రపురం, ద్రాక్షారామ పేర్లున్న రెండు బోర్డులు దాటి కోటిపల్లిలో ఆగుతుంది. రేవులో ముక్తేశ్వరం వెళ్లే పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ఉంది, దాని మీద రెండు మోటారు సైకిళ్లు, ఒక గేదె.

నేనొక్కణ్ణే, అపార్టుమెంటులో ఉంటాను. ఎలా మొదలుపెట్టాలి?

కోటిపల్లిలాంటి దానితోనే. ఒక మీటరున్నర చెక్క, ఒక స్టేషను, ఒకే బండి అటూ ఇటూ. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు ఒకటి రెండు చాలు. ఇంకా చిన్నగా కావాలంటే ఎన్ స్కేలులో టీ-ట్రాక్ అనే పద్ధతి ఉంది. ఒక్కో పెట్టె ముప్పై సెంటీమీటర్ల పైన కొద్దిగా, భోజనాల బల్ల మీద పెట్టుకుని, భోజనం వేళకు తీసేయొచ్చు. రేపు ఇంకెవరైనా తోడైతే వాళ్ల పెట్టె మీ పెట్టెకు తగిలిస్తే సరి. మొదటి రోజే హౌరా మెయిలు కొనకండి. ఇంజను కొన్నాక పట్టాలకు డబ్బులుండవు.

డబ్బుల సంగతి? గొడవలు రావా?

నెలకు మనిషికి ఇంతని వేసుకుంటాం, ఖాతా పుస్తకం మాలో ఒక రిటైర్డ్ గార్డు గారి దగ్గర. ఆయన రాసే లెక్కలో పావలా తేడా రాదు. చట్రాలు, పట్టాలు, వైర్లు అందరివి. ఇంజన్లు, పెట్టెలు కొన్నవాడివి. బోర్డు మీది ఊరు చేసినవాడిదే, కానీ మానేసి వెళ్లినా బోర్డు ఇక్కడే ఉంటుంది. ఈ చివరి మాట మొదట్లో రాసుకోలేదు. ఒకాయన బదిలీ అయి వెళ్తూ తన బోర్డు తీసుకెళ్లిపోయారు. తప్పు ఆయనది కాదు, మేం చెప్పలేదు. నాలుగు నెలలు మలుపు దగ్గర గుంత పెట్టుకుని రైలును అటూ ఇటూ మాత్రమే నడిపాం.

డబ్బు గొడవల కంటే "నేను చేసింది నువ్వు ముట్టుకున్నావు" గొడవలే ఎక్కువ. ఒకరు అరిటాకు రంగు వేసిన చేను మీద ఇంకొకరు రాత్రికి రాత్రి ముదురు రంగు కొట్టారు. ఇద్దరూ అన్నదమ్ముల్లాంటివాళ్లు, రెండు ఆదివారాలు మాట్లాడుకోలేదు. ఇప్పుడు ప్రతి బోర్డు అడుగున చేసినవాళ్ల ఫోను నంబరు రాసి ఉంటుంది. చెట్టు పడిపోతే లేపొచ్చు. రంగు మార్చాలంటే ఫోను చేయాలి.

రైళ్లు ఊరికే గుండ్రంగా తిరుగుతాయా?

మొదటి అరగంట అంతే. తర్వాత గార్డు గారు జేబులోంచి చిన్న టైంటేబుల్ తీస్తారు. గోడ గడియారం ఆరింతల వేగంతో నడిపిస్తాం, పది నిమిషాలకు గంట. కొవ్వూరులో ఒకరు, గోదావరి స్టేషనులో ఒకరు కూర్చుంటారు. లైన్ క్లియర్ అడగందే బండి వంతెన ఎక్కదు. ఎక్కిస్తే, ఆయన ముప్పై ఏళ్ల సర్వీసూ ఆయన ముఖంలో కనబడుతుంది.

శుభ్రం ఎలా చేస్తారు?

పట్టాలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ, వారానికోసారి. ఉప్పుకాగితంతో రుద్దొద్దు, గీతల్లో మట్టి కూరుకుంటుంది. దుమ్ముకు మేకప్ బ్రష్. మెత్తటిదే కొనండి, ఇంట్లోది అడక్కుండా తేకండి.

వంతెన మీద నుంచి గోదారమ్మకు చిల్లర వేయొచ్చా?

దీనికి మేం ఏ జవాబూ తయారుగా పెట్టుకోలేదు. ఒక పెద్దావిడ మనవణ్ణి తీసుకుని వచ్చింది. రైలు రెండో ఆర్చీలోకి రాగానే కొంగు ముడి విప్పి, రూపాయి కళ్లకద్దుకుని, మేం అనేలోపే వేసేసింది. అది నీళ్లలో పడలేదు. పట్టాల మీద సరిగ్గా అడ్డంగా పడింది. డబ్బా టక్కుమని ఆగింది, గదిలో రైళ్లన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. వైరింగ్ బాగున్నట్టు రుజువైంది. "నా వల్ల ఆగిందా బాబూ?" అని ఆవిడ కంగారు పడింది.

ఇప్పుడు గట్టు అంచున రేవు మెట్ల పక్కన చిన్న ఇత్తడి చెంబు బిగించాం. రైలు వంతెన ఎక్కినప్పుడు దాన్లో వేయండి. పోయిన నెల చిల్లరతో రెండు సీసాల ఆల్కహాల్ వచ్చింది. ఖాతా పుస్తకంలో గార్డు గారు దాన్ని "గోదావరి జమ" అని రాశారు.